ఆగమన కాలము: క్రిస్మసునకు ముందు కథోలిక విచారణ జీవితము

కథోలిక క్రైస్తవుల ఆరాధనా సంవత్సరము జనవరి 1వ తేదీన ఆరంభము కాదు. తెలుగువారికి చైత్ర శుద్ధ పాడ్యమి నాడు ఉగాది వచ్చినట్లు, వారికి క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగవ ఆదివారమున క్రొత్త సంవత్సరము ప్రవేశించును. ఆ ఆదివారము నవంబరు 27వ తేదీకి ముందు రాదు, డిసెంబరు 3వ తేదీకి తరువాత పోదు. అది మొదలు డిసెంబరు 24వ తేదీ సాయంకాలము వరకు గల దినములకు ఆగమన కాలమని పేరు. క్రిస్మసు ఆదివారము నాడే వచ్చిన 2022లో ఈ కాలము 28 దినములు సాగినది. మరుసటి యేడు, అనగా 2023లో, 22 దినములే లభించినవి; నాలుగవ ఆదివారము డిసెంబరు 24 అగుటచేత ఆ ఉదయము నాలుగవ వారము మొదలై, ఆ సాయంకాలమునకే ముగిసిపోయినది.

మారిషసు ద్వీపమున తెలుగు కుటుంబముల ఇరుగుపొరుగున కథోలికులు లేని ఊరు అరుదు. కొన్ని కుటుంబములలో వారు ఇరుగుపొరుగే కాక కోడండ్రును, అల్లుండ్రును, వియ్యాలవారును అయియున్నారు. అయినను క్రిస్మసు దినమున కేకు పంచుకొని శుభాకాంక్షలు చెప్పుకొనుటతో ఎరుక ముగిసిపోవుచున్నది. ఆ దినమునకు ముందు దేవాలయములో ఏమి జరుగునో, ఏల జరుగునో తెలిసినవారు తక్కువ. పండుగ అందరి కంటను పడును. దాని కొరకు చేయు నిరీక్షణ కంటబడదు.

మొదట మాటలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఒక గురువు ఆధీనమున, ఒక దేవాలయము చుట్టు ఏర్పడిన విశ్వాసుల సముదాయమును తెలుగు కథోలికులు 'విచారణ' యందురు. ఫ్రెంచి భాషలో దానికి 'పరువాస్' అని పేరు. విచారణ యనగా న్యాయస్థానపు విచారణ కాదు. యోగక్షేమములను విచారించుట యను పాత అర్థమే ఇచట నిలిచినది. పలు విచారణలు కలిసినది మేత్రాసనము. మారిషసు ద్వీపమంతయు పోర్ట్ లూయీ మేత్రాసనమునకు చెందినది. ఇక 'ఆగమనము' లాటిను భాషలోని 'అద్వెంతూస్' అను పదమునకు సమానము. వచ్చుట యని అర్థము. తెలుగు హిందువులకు ఆగమమనగానే దేవాలయ పూజావిధానమును చెప్పు శాస్త్రము స్ఫురించును. రెండు పదములకును ధాతువు ఒకటే యైనను ఇచట ఆ శాస్త్రముతో సంబంధము లేదు. రానున్నవాని కొరకు ఎదురుచూచుటయే ఇచటి విషయము.

ఎవరి రాక? ఇచట చాలమంది పొరబడుదురు. బెత్లెహేములో శిశువు జన్మించిన పూర్వకథను స్మరించుట మాత్రమే ఆగమన కాలపు పని యని తలంతురు. కాని డిసెంబరు 16వ తేదీ వరకు చదువబడు పాఠములు ముఖ్యముగా యుగాంతమున క్రీస్తు మరల వచ్చుటను గూర్చినవి. మెలకువగా ఉండుడనియు, ఇంటి యజమానుడు ఏ ఝామున వచ్చునో సేవకునికి తెలియదనియు చెప్పు పాఠములవి. 17వ తేదీ నుండి మాత్రమే దృష్టి బెత్లెహేము వైపు మరలును. కావున ఈ నాలుగు వారములు వెనుకకును, ముందునకును ఒక్కసారి చూచుచుండును.

ఈ ఆచారము ఒక్క దినమున పుట్టినది కాదు. నాలుగవ శతాబ్దిలో స్పెయిను దేశమందలి సరగోసాలో క్రీ.శ. 380లో కూడిన సభ, డిసెంబరు 17 మొదలు మూడు వారములపాటు ఎవరును దేవాలయమునకు రాక మానరాదని విధించినది. అయిదవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు తూర్ నగర పీఠాధిపతి పెర్పెతూస్, నవంబరు 11వ తేదీన వచ్చు పునీత మార్టిను పండుగ మొదలు క్రిస్మసు వరకు వారమునకు మూడు దినములు ఉపవాసము నియమించెను. రోమాపురిలో నాలుగు ఆదివారముల క్రమము మహా గ్రెగోరి పోపు కాలమున, అనగా ఆరవ శతాబ్ది చివర, స్థిరపడినది. ఉపవాసము కాలక్రమమున సడలిపోయినది. దాని ఛాయ మాత్రము పూజలో మిగిలినది.

ఆ ఛాయను చూడగోరువారు ఆగమన కాలపు ఒక ఆదివారము దేవాలయములో వెనుక బల్లపై కూర్చుండిన చాలును. గురువు ధరించు పూజావస్త్రము ఊదారంగుది. ప్రతి ఆదివారము పాడు మహిమ గీతము ఆనాడు వినబడదు. బెత్లెహేము పొలములలో దేవదూతలు పాడిరని చెప్పబడు స్తుతితో ఆరంభమగునది గనుక, క్రిస్మసు రాత్రి వరకు దానిని దాచియుంచుదురు. బలిపీఠముపై పూలు మితముగా ఉండవలెను. అయితే అల్లెలూయా మానరు. ఈస్టరుకు ముందు వచ్చు నలుబది దినముల తపస్సు కాలములో దానిని కూడ మానుదురు. ఈ భేదము వలన ఆగమన కాలము దుఃఖకాలము కాదని తెలియును. మూడవ ఆదివారము నాడు ఊదా వస్త్రమునకు బదులు గులాబీ రంగు వస్త్రము కనబడవచ్చును. ఆ దినమునకు 'గౌదేతే' అని పేరు, ఆనందింపుడని అర్థము. దీర్ఘ ప్రయాణములో సగము దాటిన బాటసారి బరువు దించి కొంతసేపు కూర్చుండుట వంటిది.

బలిపీఠము ప్రక్కన పచ్చని కొమ్మలతో చుట్టిన వలయమును, దానిలో నాలుగు క్రొవ్వొత్తులను చూడవచ్చును. మొదటి ఆదివారము ఒకటి, రెండవ ఆదివారము రెండు, ఇట్లు వారమునకు ఒకటి చొప్పున హెచ్చించి వెలిగింతురు. ఇది ప్రాచీనాచారమని చాలమంది కథోలికులే నమ్ముదురు. వాస్తవమునకు దీనిని మొదలుపెట్టినది కథోలికుడు కాదు. జర్మనీ దేశములోని హాంబర్గు నగరమున నిరుపేద బాలుర కొరకు ఆశ్రమము నడిపిన యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అను ప్రొటెస్టెంటు బోధకుడు 1839లో ఈ పద్ధతిని ఆరంభించెను. క్రిస్మసు ఇంకెన్ని దినములున్నదని పిల్లలు మాటిమాటికి అడుగుచుండగా, ఆయన ఒక బండిచక్రమునకు క్రొవ్వొత్తులు అమర్చి, పని దినమునకు ఒక చిన్నదియు, ఆదివారమునకు ఒక పెద్దదియు వెలిగించి లెక్క చూపెను. తరువాతి శతాబ్దమున అది కథోలిక దేవాలయములలో ప్రవేశించినది. మత విద్వేషములు ప్రబలిన దేశములో ఒక మతశాఖ దీపమును మరియొక శాఖ తన బలిపీఠము చెంత నిలుపుకొనుట గమనింపదగినది. రామ భజనమున సాయంకాలము వెలిగించిన దీపము చుట్టు తెల్లవారువరకు తిరుగు తెలుగువారికి, దీపముతో కాలమును కొలుచుట యనునది వింతగా తోచదు.

ఇచట ఒక చిక్కు కలదు. ఈ దీపములు, ఈ పచ్చని కొమ్మలు, ఈ పాటలలో పలు పదములు ఉత్తరార్ధగోళపు శీతకాలమున పుట్టినవి. అచట డిసెంబరులో ఆకులు రాలియుండును, పగలు కురుచయై చీకటి సాయంకాలము నాలుగు గంటలకే క్రమ్మును. మారిషసులో డిసెంబరు నిండు వేసవి. తురాయి చెట్లు ఎఱ్ఱగా పూచియుండును; నూతన సంవత్సరమునకు ముందు పూచును గనుక ద్వీపవాసులు ఆ పూలను 'బుకే బనానే' యందురు. లిచీ పండ్లు బజారుకు వచ్చును. చెరకు కోత ముగింపునకు వచ్చి, చక్కెర మిల్లులు ఆగును. తుఫానుల ఋతువు అప్పటికే ఆరంభమై యుండును. క్రొవ్వొత్తి వెలిగింపకముందే ఎండ వేడిమికి వంగిపోవుట కూడ కలదు.

ఈ చిక్కు డిసెంబరు 17 నుండి 23 వరకు సంధ్యా ప్రార్థనలో పాడబడు ఏడు సంబోధనములలో మరింత స్పష్టముగా కనబడును. ఒక్కొక్క సాయంకాలము మరియమ్మ స్తుతిగీతమునకు ముందు రానున్నవానిని ఒక్కొక్క నామముతో పిలుతురు: జ్ఞానము, ప్రభువు, యిషాయి వేరు, దావీదు తాళపుచెవి, ఉదయ సూర్యుడు, జనముల రాజు, ఇమ్మానుయేలు. నామావళి పఠించు తెలుగువారికి ఈ రీతి పరిచితమే. లాటిను భాషలో ఈ ఏడు నామముల మొదటి అక్షరములను చివరి నుండి మొదటికి చదివినచో 'ఎరో క్రాస్' అను వాక్యమేర్పడును. 'రేపు ఉందును' అని దాని భావము. అయిదవ నామమగు 'ఉదయ సూర్యుడు' డిసెంబరు 21వ తేదీన పాడబడును. ఐరోపాలో అది సంవత్సరమంతటిలో మిక్కిలి కురుచయైన పగలు వచ్చు సమయము. ఆ చీకటిలో సూర్యుని పిలుచుటకు అర్థము చెప్పనక్కరలేదు. మారిషసు దక్షిణాక్షాంశము 20వ అంశ ప్రాంతమున ఉన్నది. ఆ దినములలో మధ్యాహ్న సూర్యుడు దాదాపుగా నడినెత్తిన నిలుచును, పగలు పదమూడు గంటలకు పైగా సాగును. నెత్తిన మండుచున్న సూర్యుని ఇంకను రమ్మని పిలుచుట ఎట్లు?

ఈ ప్రశ్న పరిహాసమునకు అడుగదగినది కాదు. ప్రతీకలోని వాతావరణమును తీసివేసినచో లోపల ఏమి మిగులునో తెలిసికొనుటకు ఇది మంచి పరీక్ష. మిగులునది నిరీక్షణ. చలిలో సూర్యుని కొరకు నిరీక్షించినట్లే, ఎండలో వాన కొరకు నిరీక్షింతురు. రెండవ ఆదివారమునను, ఆ వారములలో మరికొన్ని దినములందును చదువు యెషయా ప్రవక్త గ్రంథములో మంచు ప్రస్తావన కంటె ఎడారి ప్రస్తావన ఎక్కువ: ఎండిన నేల పూచుట, ఎడారిలో మార్గము సిద్ధపరచుట, మోడు నుండి చిగురు పుట్టుట. కొట్టిన చెరకు మోడు నుండి కార్శి తోట మరల చిగిర్చుటను తరతరములుగా చూచిన జనమునకు ఆ చివరి మాట విడమరచి చెప్పవలసిన పని లేదు. స్నాపక యోహాను కూడ ఎడారిలోనే పలికెను. ఐరోపా శీతకాలము మధ్యలో వచ్చి చేరినది; గ్రంథము పుట్టినది ఎండలు కాయు దేశమున.

వాతావరణము కంటె పెద్ద చిక్కు భాష. 1835 ఫిబ్రవరి 1వ తేదీన మారిషసులో బానిసత్వము రద్దయినది. ఆ విముక్త జనులకు ఉపదేశము చేయుటకు 1841 సెప్టెంబరులో జాక్ దెజిరే లవాల్ అను ఫ్రెంచి గురువు పోర్ట్ లూయీలో దిగెను. ఆయన పూర్వాశ్రమమున వైద్యుడు. పూజ లాటినులోను, ప్రసంగము ఫ్రెంచిలోను జరుగుచుండిన ఆ కాలమున, విముక్తులు మాటలాడు క్రియోలును విద్యావంతులు భాషగా గణింపలేదు. లవాల్ గురువు ఆ క్రియోలు నేర్చి, దానిలోనే జ్ఞానోపదేశము తయారుచేసెను. పగలు పనిచేయువారు సాయంకాలము తప్ప రాలేరు గనుక సాయంకాలమే బోధించెను. ఆ జనులలో నుండియే ఉపదేశులను ఎంచి, వారిని గురువునకు సహాయులుగా నిలిపెను. ఆయన 1864 సెప్టెంబరు 9న మరణించెను. 1979 ఏప్రిలు 29న రెండవ జాన్ పాల్ పోపు ఆయనను ధన్యునిగా ప్రకటించెను. సెంత్ క్రువాలోని ఆయన సమాధికి ప్రతి సెప్టెంబరులో అన్ని మతములవారు రాత్రి కాలినడకన పోవుదురు. వారిలో తెలుగువారును కలరు.

లవాల్ మరణించిన తరువాత దాదాపు వంద సంవత్సరములపాటు పూజలో లాటినే సాగినది. 1963 డిసెంబరు 4వ తేదీన, అనగా సరిగా ఆగమన కాలపు మొదటి వారమున, రెండవ వాటికను మహాసభ ఆరాధనను గూర్చిన శాసనమును ప్రకటించి, ప్రజల మాతృభాషలకు పూజలో ద్వారము తెరచినది. దాని ఫలితముగనే ఆంధ్రదేశపు విచారణలలో పూజ తెలుగున వినబడినది. మారిషసులో లాటిను స్థానమును ఎక్కువగా ఫ్రెంచి ఆక్రమించినది; క్రియోలు పాటలును, ప్రార్థనలును దాని వెంట మెల్లగా ప్రవేశించినవి. ఇంటి భాష దేవుని ముందు పలుకదగినది కాదను భావము ఒక్క శాసనముతో పోదు.

ఈ విషయము తెలుగువారికి దూరమైనది కాదు. కోరంగి రేవు నుండి వచ్చినవారని పూర్వము 'కోరంగి' యని పిలువబడిన జనుల వంశస్థులలో, భజన కీర్తనలను రోమను లిపిలో వ్రాసికొని, అర్థము పూర్తిగా తెలియకయే భక్తితో పాడువారు నేడు కలరు. లాటిను పూజలో 'ఆమెన్' పలికిన కథోలిక వృద్ధురాలి స్థితియు అట్టిదే. ఆమె భక్తిలో లోపము లేదు. కాని ఎవరి రాక కొరకు ఎదురుచూచుచున్నారో చెప్పు మాటలు అర్థము కానిచో, ఎదురుచూచుట కేవలము అలవాటుగా మారును. తల్లికి కంఠస్థమైనది బిడ్డకు సగము వచ్చును. మనుమనికి రాగము మాత్రమే మిగులును. విచారణలో ఆగమన కాలపు పిల్లల తరగతులను నడుపు ఉపదేశులకు ఈ భయము ఎరుకయే. అందుచేతనే వారు పాఠమును ఫ్రెంచిలో చదివించి, ప్రశ్నలు క్రియోలులో అడుగుట కలదు.

1969లో ప్రకటింపబడిన క్రొత్త పాఠక్రమము ప్రకారము ఆదివారపు సువిశేష పాఠములు మూడేండ్లకొక పర్యాయము తిరిగివచ్చును: ఒక యేడు మత్తయి, మరుసటి యేడు మార్కు, మూడవ యేడు లూకా. ఏ యేడు ఏ గ్రంథమో మారునది ఆగమన కాలపు మొదటి ఆదివారమునే. డిసెంబరు 8వ తేదీన మరియమ్మ నిష్కళంకోద్భవ పండుగ ఈ కాలమధ్యమున వచ్చును.

ఇక వీధి సంగతి. డిసెంబరులో మారిషసు ఉద్యోగులకు చట్టప్రకారము సంవత్సరాంతపు అదనపు జీతము చేతికి వచ్చును. అంగళ్లలో క్రిస్మసు అలంకారములు అంతకు ముందే వెలియును. దేవాలయమున మహిమ గీతమును నాలుగు వారములు దాచియుంచగా, అంగడిలో క్రిస్మసు పాటలు ఉదయము నుండి రాత్రి వరకు మ్రోగుచుండును. డిసెంబరు 25 వచ్చునప్పటికి చెవి అలసియుండును. అందుచే కొన్ని ఇండ్లలో 26వ తేదీన అలంకారములు తీసివేయుదురు. దేవాలయమున మాత్రము క్రిస్మసు కాలము అప్పుడే మొదలై జనవరిలో ప్రభువు జ్ఞానస్నానపు పండుగ వరకు సాగుచుండును. పండుగను ముందే తినివేసినవారికి పండుగనాడు ఆకలి యుండదు. ఈ విషయమున హిందువుల దీపావళి గతియు భిన్నముగా లేదని ఒప్పుకొనవలసియున్నది.

ఆ అదనపు జీతము విచారణ దృష్టి నుండి తప్పిపోదు. ఆగమన కాలమున పేదల కొరకు ప్రత్యేకముగా సేకరణలు జరుగును. 1833లో పారిసులో ఫ్రెదెరిక్ ఒజానాం మిత్రులతో కలిసి స్థాపించిన పునీత విన్సెంట్ డి పాల్ సభ మారిషసు విచారణలలోను పనిచేయుచున్నది. దాని నియమము సులభమైనది కాదు: సహాయమును పంపుట చాలదు, ఇంటికి పోయి కూర్చుండి మాటలాడవలెను. బియ్యము, నూనె, పప్పు మూటను గుమ్మమున పెట్టి మరలివచ్చుట కంటె అరగంట కూర్చుండుట కష్టమని అట్టి పని చేసినవారు ఎరుగుదురు.

క్రిస్మసునకు ముందు వారములో పాపసంకీర్తనమునకు జనులు బారులు తీరుదురు. ఒక్క గురువు వలన కాదు గనుక, పొరుగు విచారణల గురువులు కలిసి వచ్చి ఒక సాయంకాలము సామూహిక పశ్చాత్తాప ప్రార్థన జరిపి, అనంతరము ఒక్కొక్కరి మాటను విడివిడిగా విందురు. మరుసటి సాయంకాలము అదే గురువులు మరియొక విచారణకు పోవుదురు. సంవత్సరమంతయు మాటలాడని అన్నదమ్ములు ఆ వరుసలో ఒకరి వెనుక ఒకరు నిలువబడుట తటస్థించును.

దేవాలయమున ఒక మూల పశువుల పాక సిద్ధమగును. ఫ్రెంచిలో దానిని 'క్రెష్' అందురు. ఈ ఆచారమునకు మూలము ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున 1223 క్రిస్మసు రాత్రి పునీత ఫ్రాన్సిస్ అస్సీసి ఎద్దును, గాడిదను, గడ్డితో నిండిన తొట్టిని తెప్పించి పూజ జరిపించుట. విగ్రహములు తరువాత వచ్చినవి. మారిషసులో కాగితమును రాతివలె నలిపి, రంగు వేసి గుహ కట్టుదురు. శీతదేశపు దేవదారునకు బదులు పలు ఇండ్లలో ఫిలావు కొమ్మను నిలుపుట పూర్వాచారము. ఆంధ్ర తీరమున సరుగుడు అనబడు చెట్టే ఇది. దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్సు ప్రాంతమున డిసెంబరు 4వ తేదీన, పునీత బార్బరా పండుగ నాడు, చిన్న పళ్లెములలో గోధుమలు తడిపి మొలకెత్తించి, క్రిస్మసు నాటికి ఆ పచ్చని మొలకలను పాక ముందు ఉంచుదురు. పెండ్లికి ముందు పాలికలలో నవధాన్యములు చల్లి అంకురార్పణ చేయు తెలుగువారు ఆ పళ్లెములను చూచినచో తమ ఇంటివే యనుకొందురు.

పాకలో గొల్లలు, గొఱ్ఱెలు, యోసేపు, మరియమ్మ అందరును ముందే చేరియుందురు. తొట్టి మాత్రము ఖాళీగా నుండును. మొదటిసారి దేవాలయమునకు వచ్చిన హిందూ బాలుడు శిశువు బొమ్మ పోయినదని తలచి వెదకుట సహజము. బొమ్మ పోలేదు, పూజాద్రవ్యముల గదిలో గుడ్డ చుట్టి ఉంచబడియున్నది. డిసెంబరు 24 రాత్రి జనులు వేసవి ఉక్కలో విసనకఱ్ఱలతో విసరుకొనుచు, తెరచిన ద్వారముల వెలుపల వరకు నిలువబడియుందురు. నాలుగు క్రొవ్వొత్తులు అప్పటికి పొట్టివై యుండును. మొదటి ఆదివారము వెలిగించినది అన్నిటికంటె పొట్టిది. నాలుగు వారములు మూగగా నున్న మహిమ గీతము ఎత్తబడును, గంటలు మ్రోగును. గురువు ఆ బొమ్మను తెచ్చి తొట్టిలో పరుండబెట్టును.